వరి దుబ్బులో చప్పుడు

అక్టోబరు 14, మంగళవారం.

ఇడ్లీ పిండి రుబ్బాను. మిల్లులో కారం ఆడించాను. దుప్పట్లు రెండూ ఉతికాను. చేలోకి కేరేజీ పట్టుకెళ్ళాను.

అనకాపల్లి నుంచి మా ఆడపడుచు కూతురు లలిత వచ్చింది. వ్యవసాయం చదువుతోంది కదా, వరి దుబ్బుకి చిన్న మైకులాంటిది తగిలించి హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టింది. దూరాన ఎవరో డప్పు కొడుతున్నట్టు వినిపించింది. నడుమ నడుమ ఇంకో సన్నని మోత.

"సుడిదోమని వరికి పట్టే పురుగు, మగది కాండాన్ని అదిరించి పిలుత్తంది అత్తా. ఆడది కూడా అలాగే బదులు సెప్తంది."

"మీ అత్త పిలుపు కంటే మెత్తగానే ఉందేటే?" అని మా ఆయన కూడా చెవికి పెట్టుకుని విని నవ్వారు.

లలిత నవ్వలేదు. "జంట కట్టేత్తన్నాయి మావయ్యా. పిల్లలు పుడితే దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చేత్తాయి. నీళ్ళు తీసేసి మడి ఆరబెట్టు."

చేను పొట్ట మీద ఉంది, వెన్ను తీసే ముందు నీళ్ళు కావాల్సిన అదను. కాలవ నీళ్ళ వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. తీస్తే గింజ తాలైపోతుందేమో, ఉంచితే దోమ చేనంతా తినేస్తుందేమో. ఆయన నా ముఖం చూశారు. "తీసెయ్యండి" అన్నాను. గట్టుకి గండి కొట్టారు.

రాత్రి దిండు మీద తల పెడితే నా నాడి కూడా ఆ చప్పుడే చేస్తోంది. లేచి రెండుసార్లు ఆకాశం చూశాను. మబ్బు లేదు. తొందరపడ్డానేమో...

నీళ్ళన్నీ కింద మడిలోకి, సూరిబాబు మరిది చేలోకి పోయాయి. మొన్న ఎండలు కాసినప్పుడు తన వంతు నీళ్ళు మాకు వదిలేశాడు. ఆ బాకీ తీరింది.