కాగితంలో నా నెంబరు రాయించు

మావా,

చేపల గంపతో ఆమదాలవలస వెళ్తున్నాను. మన ఢిల్లేశుకి అన్నం మెత్తగా మెదిపి, గోడకి ఆనించి కూర్చోబెట్టి తినిపించు. పడుకోబెట్టి పెడితే పొలమారుతుంది.

తర్వాత వాణ్ణి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లు. మన వివరాలు వికలాంగ పిల్లల సంఘానికి ఇవ్వొచ్చని నువ్వు సంతకం పెట్టిన కాగితం అక్కడుంది. అందులో ఫోన్ నెంబరు మార్పించు. "సదువుకున్నాది, అన్నీ సూసుకుంటాది" అని మీ అక్క శ్రావణి నెంబరు ఇచ్చావు. ఇప్పుడు చక్రాల కుర్చీ కబురైనా, క్యాంపు కబురైనా సంఘం వాళ్లు ఆవిడకే చెబుతున్నారు. నాకు రెండు రోజులు పోయాక తెలుస్తోంది.

మొన్న క్యాంపులో సంఘం మేడమ్ మీ అక్కని చూసి, "బాబు వాళ్లమ్మ మీరే కదా?" అంది. ఆవిడ నవ్వి ఊరుకుంది. తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి చంకనెత్తుకుని నేను ఆ వెనకే నిలబడ్డాను. "నాను కాదు, అదిగో" అనడానికి ఆవిడకి నోరు రాలేదు.

మీ అక్క మంచిదే. కుర్చీ వస్తే ఆవిడ వల్లే వస్తుంది. నాకు మంట కూడా అదే.

ఆవిడ నెంబరు నీకు నోటికొచ్చు. నాది రాదని తెలుసు. ఈ చీటీ వెనక రాశాను.