ఉమ్మేస్తున్న మేత

పదమూడో తేదీ, శనివారం
కాలేజీ హాస్టలు

పెద్దమ్మకు,

నీ పండితురాలు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ క్షేమమనే రాశావు గానీ, ఆ వాక్యం సిరా ఆరకముందే "మీ సారు పంపిన మేతను నా చేపలు కొత్త కోడలి వంటను అత్తగారు చూసినట్టు చూస్తున్నాయే! నోట్లో పెట్టుకోవడం, ఉమ్మెయ్యడం" అని రాశావు. పడీపడీ నవ్వాను. తర్వాతి వాక్యం చదివాక నవ్వు ఆగిపోయింది. పెద్ద చేపలు చిన్నవాటి తోకలు కొరుకుతున్నాయన్నావు.

"మాంసం తినే చేపకి సోయాపిండి పెట్టి సన్యాసం ఇప్పిస్తారటే?" అని అడిగావు. సారు మీద నీ కోపం కాస్త తగ్గాలని ఒక్క మాట చెబుతాను. సముద్రంలో చిన్నచేపల్ని పట్టి, ఎండబెట్టి, పొడి చేసి, ఆ పొడితోనే కదా ఇన్నాళ్ళూ చెరువు చేపల్ని పెంచాం. ఒక చేప పెరగడానికి అంతకంటే ఎక్కువ బరువున్న చిన్నచేపలు పోతున్నాయి. అవి అయిపోతే ఏం చేస్తాం? అందుకే ఆయన ఏళ్ళ తరబడి సోయాపిండి, వేరుశనగ చెక్క వెంట పడ్డారు. ఆ పని మంచిదేనని నేనూ నమ్ముతున్నాను.

చేపకు మేత నచ్చడాన్ని మా పుస్తకంలో 'స్వీకార్యత' అంటారు. కొత్త మాట దొరికితే నాకు పండగే కదా, రోజంతా నోట్లో నానబెట్టుకుని తిరిగాను. 'మూతి తిప్పుకుంటున్నాయి' అన్న నీ మాట చదివాక అది వెలవెలబోయింది.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందో నిన్న తెలిసింది. కొత్త మేత అలవాటయ్యేదాకా రోజు విడిచి రోజు వెయ్యమనీ, ఆకలైతే అవే తింటాయనీ ప్రయోగానికి నీ చెరువు అడిగినప్పుడు మా కాలేజీవాళ్ళు నీకు చెప్పారు. మా కాలేజీ తొట్లలో నిజంగానే తిన్నాయి. నిన్న తొట్టి అడుగున మిగిలిన మేత గుళికల్ని గొట్టంతో లాగుతూ చేపల వైపు చూశాను. అన్నీ ఒకే సైజు! తొట్లో వదిలేముందు మేం వాటిని సైజు ప్రకారం ఏరి వేరుచేస్తాం. ఎంత ఆకలేసినా ఒకదాని నోట్లో ఇంకొకటి పట్టదు. నీ చెరువులో అరచేయంత చేప పక్కనే వేలంత చేప తిరుగుతుంది. ఆకలేసిన పెద్దది గుళిక కోసం ఎందుకు ఆగుతుంది?

పరుగెత్తుకెళ్ళి సారుకి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఏరమని చెప్పలేదా మనం?" అన్నారు. చెప్పలేదన్నాను. ఇప్పుడు ఏరమందామా అంటే, "వద్దమ్మా. చిక్కిపోయిన చేప, వల రాపిడికే చచ్చిపోతుంది" అన్నారు. ఈ పంట పోతే చెరువు ఇంకొకరికి కౌలుకి ఇచ్చేస్తానని దాని సొంతదారు అన్నాడనీ, ఆ సంగతి నువ్వు ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇరికించావనీ కూడా చెప్పాను. ఆయన, "ప్రయోగం ఆపెయ్యమను. పాత మేతే వేసుకోమను. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను" అన్నారు.

విన్నావా పెద్దమ్మా! ఈ సాయంత్రమే మేత కొట్టుకు వెళ్ళి పాత మేత సంచులు మీ వైపు లారీకి ఎక్కిస్తాను. రోజూ రెండు పూటలా వెయ్యి. నన్ను ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు, చెరువు మాత్రం వదలకు.

ఇట్లు,
నువ్వు ముద్దుగానూ వెటకారంగానూ పిలిచే
నీ పండితురాలు

తా.క.: కవరు అంటించకుండానే కొట్టుకు వెళ్ళొచ్చాను. పాత మేత కావాలంటే కొట్టాయన నవ్వాడు. "పేరొక్కటే పాతదమ్మా. సముద్రం నుంచి పడవలు ఖాళీగా వస్తుంటే చేపపొడి ఎవడి దగ్గరుంది? పోయిన నెల నుంచీ మిల్లులన్నీ సోయానే కొడుతున్నాయి" అన్నాడు. నేను నమ్మలేదు. సంచి కుట్టు విప్పి గుప్పెడు గుళికలు నా చేతిలో పోశాడు. వాసన చూశాను. మా ప్రయోగం మేత వాసనే. తిరిగొస్తూ సారు ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయనకూ తెలియదట. కూర్చోమనడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయారు.

పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసి ఏం రాయాలో తోచలేదు. వేస్తే ఉమ్మేస్తాయి, వెయ్యకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇందాక కొట్టు దగ్గర, లారీ కదులుతోంది, ఎన్ని సంచులు వెయ్యమంటావని కొట్టాయన తొందరపెడుతుంటే, ఆ సంచులే రెండు వెయ్యమన్నాను. ఈ ఉత్తరం నీకు అందేలోపే, రేపు పొద్దున నీ గట్టు మీద దింపుతారు.