బెండకాయతో అద్దిన పులి

మండల పశువైద్యాధికారి గారి సముఖమునకు,

చింతలదిన్నె గ్రామము, ఎమ్మిగనూరు దాపు, కాపురస్తుడు శంకరన్న (వయసు 46, వృత్తి చేనేత, చదువు ఏడవ తరగతి వరకు బడిలో, ఆ తరువాత సొంతముగా) రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పీర్ల పండుగ పులివేషముల పోటీలో తమరు ప్రథమ బహుమతి ఇచ్చిన జంతువు పులి కాదని తెలుపుట, సదరు ప్రశంసాపత్రమును రద్దు చేయించుట, బాధ్యుడైన ఎల్లప్పకు తగిన శిక్ష వేయించుట గురించి.

1. ఇరవై మూడేండ్లుగా మా ఊరి పీర్ల పండుగలో పులివేషగాండ్ల ఒంటికి రంగులు వేయువాడను నేను. పోటీనాడు తమరు న్యాయనిర్ణేతగా వచ్చి, ప్రశంసాపత్రము మీద సంతకము చేసి, కింద ఆఫీసు ముద్ర కూడా వేసినారు. ముద్ర లేని యెడల నేను ఈ అర్జీ రాసెడివాడను కాను. ముద్ర పడినందున, సర్కారు ఒక జంతువును పులి అని ధ్రువీకరించినట్లు అయినది.

2. సదరు వేషము కట్టినవాడు నా కుమారుడు హరికృష్ణ, వయసు 22. వీనికి ఆరేండ్ల వయసులో మెదడు జ్వరము వచ్చి కర్నూలు పెద్దాసుపత్రిలో పదకొండు దినములు కన్ను తెరవలేదు. పన్నెండవ దినము నేను బస్సెక్కి ఊరికి వచ్చి, పీర్ల చావిడి గడప మీద తల పెట్టి, బిడ్డ లేచి నడిచిన యెడల పెద్దవాడయినాక ఏడేండ్లు పులివేషము కట్టించెదనని మొక్కుకొంటిని. బిడ్డ లేచినాడు. మొక్కులో పులి అనియే ఉన్నది. ఏదో ఒక జంతువు అని లేదు.

3. ఆరేండ్లు నా చేతితోనే జరిగినది. నూట నాలుగు చారలు, నాలుగున్నర గంటల పని. కుడిపక్క చార ఎడమపక్క చారకు అచ్చుగా ఉండరాదు, నిజమైన పులికి అట్లు ఉండవు. చెవుల వెనుక ఒక్కొక్క తెల్ల మచ్చ ఉండవలెను. తలపాగా కింద అది ఎవరికీ కనపడదు. అయినను పెట్టుదును. ఈ ఆరేండ్లలో మా వానికి ఒక్క బహుమతియు రాలేదు. ఈ సంగతి నేను చెప్పకపోయిన ఎల్లప్ప చెప్పును గనుక ముందుగా నేనే తెలుపుకొనుచున్నాను.

4. ఈ ఏడు ఏడవది, ఆఖరుది. హరికృష్ణ ఆదోనిలో సెల్‌ఫోన్లు బాగుచేయు అంగడిలో పనికి ఉన్నాడు. పండుగనాడు పది గంటలకు దిగినాడు. నేను తెల్లవారుజామునే రంగులు కలిపి పెట్టి ఉంటిని.

"నాయనా, నాలుగున్నర గంట నిలబడేకి నాతో కాదు. ఊపిరి ఇడిస్తే తిడతావు, తుమ్మితే తిడతావు" అన్నాడు.

"పులి కావల్లంటే నిలబడల్ల" అంటిని.

"నీ పులి ఆరేలోపల పండగ అయిపోతాది."

అప్పుడు నేను ఒక మాట అంటిని. ఆ మాట ఇచ్చట రాయుట అనవసరము. వాడు చొక్కా భుజాన వేసుకొని ఎదురింటి ఎల్లప్ప దగ్గరికి పోయినాడు. ఎల్లప్ప ట్రాక్టరు ట్రాలీలకు పేర్లు రాయువాడు. వాడు ముదురు బెండకాయలు అడ్డముగా కోసి, నల్లరంగులో ముంచి, నా కొడుకు ఒంటి మీద టపటప అద్దినాడు. నేను మా వాకిట నిలబడి గడియారము చూచితిని. ఇరవై రెండు నిమిషములు.

5. తమరు పశువుల డాక్టరు గనుక ఈ కింది వివరములు తెలిసియే ఉండవలెను. అయినను నా నోటుబుక్కు నుండి ఎత్తి రాయుచున్నాను.

(క) పెద్దపులి: చారలు. వెంట్రుకలు గొరిగినను చర్మము మీద కూడా చార నిలుచును. ఇంతటి నమ్మకముగల జంతువు ఇంకొకటి లేదు.

(ఖ) చిరుత: ఉంగరముల వంటి మచ్చలు, నడుమ ఖాళీ. వేటను చెట్టు మీదికి ఈడ్చుకొని పోవును. మన కొండలలో తిరుగునది గనుక, దీనిని వేసి ఉండిన యెడల నేను కొంత ఓర్చుకొనెడివాడను.

(గ) జాగ్వారు: ఉంగరములే, కాని నడుమ చుక్కలు ఉండును. బెండకాయ అద్దిన యెడల పడునది సరిగ్గా ఇదియే. ఇది అమెరికా ఖండపు అడవులలోనిది. మన తుంగభద్ర నీళ్ళు తాగినది కాదు.

(ఘ) చీతా: నిండు చుక్కలు, కంటి మూల నుండి మూతి వరకు నల్లని కన్నీటి గీత. పరుగులో దీనిని మించినది లేదు, కాని గర్జించుట చేతగాదు. ఎల్లప్ప నా కొడుకు ముఖమునకు ఈ గీతలు పెట్టినాడు.

(ఙ) సింహము: జూలు, తోక చివర కుచ్చు. ఎల్లప్ప ఆదోని పత్తిని నల్లరంగులో ముంచి తోకకు కుచ్చు కట్టినాడు.

ఒళ్ళు జాగ్వారుది, ముఖము చీతాది, తోక సింహానిది. నా కొడుకు ఒంటి మీద మూడు జంతువులు కాపురము పెట్టగా, మొక్కుకొన్న పులికి బెత్తెడు చోటు మిగలలేదు.

6. నేను పోటీ జరుగుచున్న చోటనే అభ్యంతరము చెప్పితిని. తమరు మైకు పట్టుకొనియే "పండగపూట ఏంటయ్యా నీ గోల, పులి అంటే పులే" అని సెలవిచ్చినారు. జనము నవ్వినారు. ఎల్లప్ప జనములో నుండి ఇట్లు అరిచినాడు:

"ఏమప్పా శంకరన్నా, ఊరంతా పులి అన్యారు, డాక్టరు సారు పులి అన్యాడు, నీ ఒక్కనికే పిల్లి మాదిరి కనపడతాండాదా? కండ్లకు డాక్టరు వేరే ఉంటాడు, ఆడికి పో!"

జనము మరల నవ్వినారు. పిమ్మట హరికృష్ణ కప్పు అందుకొని మైకులో "మా గురువు ఎల్లప్ప మామ" అన్నాడు. సదరు వాక్యము మూడు వీధులకు వినపడినది. మగ్గము ముందర కూర్చున్న నా చెవిలో ఇప్పటికిని ఆడుచున్నది. పండుగ అయిన ఈ నలభై దినములలో నేను రెండు చీరలు తప్పు నేసినాను.

7. ఇంటిలో నా భార్య చెన్నమ్మ "బిడ్డ బతికినాడు, యేసం కట్టి ఎగిరినాడు, సామి సూసినాడు. సారలెన్నని ఆయప్ప లెక్కపెడతాడా?" అనుచున్నది. చావిడిలో పీర్లకు ఊదువేయు ముజావరు హుసేనప్ప గారిని అడిగితిని. "సామి లెక్క రాసుకోడప్పా, నువ్వే రాసుకుంటాండావు" అన్నారు. నాకు ఊరట కలుగలేదు. బిడ్డ కన్ను తెరవని ఆ పదకొండు దినములు లెక్కపెట్టినవాడను నేను. ఏడు అని చెప్పి ఆరు ఇచ్చి ఊరకుండుటకు నా గుండె ఒప్పదు. వానికి చిన్న తలనొప్పి వచ్చిందని ఫోనులో విన్నను, నాకు ఆ ఆసుపత్రి మంచమే కనపడుచున్నది.

కాబట్టి ప్రార్థన:

(అ) ప్రశంసాపత్రమును రద్దు చేసి, "సదరు వేషము పులి కాదు" అని తమరు సంతకముతో, ముద్రతో రాసి ఇవ్వవలెను.

(ఆ) ఎల్లప్పను పండుగ జనమంతా చూచుచుండగా చావిడి ముందర నిలబెట్టి, వాని ఒంటికి వాని బెండకాయలతోనే అద్ది, ఒక్కొక్క మచ్చకు అది ఏ జంతువుదో గట్టిగా చెప్పించవలెను. తప్పు చెప్పిన మచ్చ మీద మరల అద్దవలెను. అద్దుటకు నేను సిద్ధము.

(ఇ) ఎల్లప్ప పాడి ఎనుములకు సూది వేయునపుడు తమరు మొద్దు సూది వాడవలెను. (ఎనుములు చేసిన తప్పు లేనందున ఈ అంశమును ఉపసంహరించుకొనుచున్నాను.)

(ఈ) తమరికి శిక్ష కోరుట నా స్థాయికి తగదు. కాని ఆసుపత్రి గోడకు ఉన్న ఆవుజాతుల పటము పక్కన, దీనితో జతపరచిన ఐదు జంతువుల పటమును తగిలించి, తమరు కుర్చీలో కూర్చుండిన ప్రతిసారి అది ఎదురుగా కనపడునట్లు చూచుకోవలెను.

ఈ నాలుగింటిలో మిగిలినవి తమరి దయ. (అ) మాత్రము కాదనవద్దు. ఏల అడుగుచున్నానో కూడా దాచను. అది పులి కాదని తమరు రాసి ఇచ్చిన యెడల, ఏడవ ఏడు ఇంకను బాకీ ఉన్నట్లే. బాకీ ఉన్న యెడల వాడు వచ్చే పండుగకు మరల చొక్కా విప్పి నా ముందర నాలుగున్నర గంటలు నిలబడవలసి వచ్చును. ఊపిరి విడిచినను తిట్టను. ఈ మాట నేను వాని ముందర అనలేకపోయినందున, తమరి కార్యాలయము ద్వారా తెలియజేయుచున్నాను.

ఇంతటితో ముగించుచున్నాను, చిత్తగించవలెను.

పులి విషయములో తప్ప తక్కిన అన్నిటిలో
తమ విధేయుడు,
శంకరన్న

తా.క. సాపుప్రతి రాయుచుండగా హరికృష్ణ ఆదోని నుండి వచ్చి, నా భుజము మీదుగా మొత్తము చదివినాడు.

"రద్దయితే మళ్లా ఎగరల్లనా?" అని అడిగినాడు.

"ఎగరల్ల."

"నీతోనే ఏయించుకోవల్లనా?"

"ఎవురితోనైనా ఏయించుకో. సారలుండల్ల, అంతే."

వాడు ఎదురింటి వైపు చూచి, "ఎల్లప్ప మామకు సారలు గీసేది రాదు గదా నాయనా" అని లోపలికి అన్నానికి పోయినాడు.

కావున సార్, (ఆ) శిక్ష లేకపోయినా పర్వాలేదు, ఎల్లప్పను వదిలేయండి. చారలు గీసేది మాత్రం వానికి ఎవురూ నేర్పించకుండా మీరే సూసుకోవల్ల.