నాన్న తాగిన మందు

ఫిబ్రవరి 4, 2025. పిస్కాటవే
పాంక్రియాటైటిస్, అదే క్లోమం వాపు, మూడోసారి. ఇవాళ డిశ్చార్జ్ అయ్యాను. డాక్టర్ మళ్ళీ అదే ప్రశ్న, రోజుకి ఎన్ని డ్రింక్స్ అని. చర్చిలో ప్రభువు బల్లకి కూడా మాకు వైన్ బదులు గ్రేప్ జ్యూసే ఇస్తారని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. మా ఆయన ఆమోసు నా వైపు అదోలా చూశాడు. ఒళ్ళు మండిపోయింది.

ఫిబ్రవరి 9
అమ్మ గంజి కాచి పెట్టింది. మీ నాన్న కూడా ఇట్టాగే పొట్ట పట్టుకుని మెలికలు తిరిగేవాడే, కాకపోతే ఆయనది తాగుడు రోగం అంది. తెలిసిన కథే. తాగుబోతని మా ఊరి చర్చి సంఘం నాన్నని ప్రభువు బల్ల నుంచి తీసేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళకే పోయాడు. ఆయన తాగి తూలడం మాత్రం నాకు గుర్తు లేదు.

మార్చి 3, మధ్యాహ్నం 2 గంటలు
జెనెటిక్ టెస్ట్ రిజల్ట్ వచ్చింది. పీఆర్ఎస్ఎస్1 అనే జీన్‌లో తేడా ఉంది. తిన్న ప్రొటీన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్ తయారయ్యేది ఆ జీన్ వల్లేనట. ఆ ఎంజైమ్ పేగులోకి వెళ్ళాక పని మొదలుపెట్టాలి. నాలో ముందే, పాంక్రియాస్‌లో ఉండగానే మొదలుపెడుతోంది. నా పాంక్రియాస్ తనని తానే అరిగించుకుంటోంది. అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుందట. చుక్క తాగకపోయినా వస్తుందట.
ఈ చివరి మాట, రిజల్ట్ వివరించిన కౌన్సెలర్ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

మార్చి 27
అమ్మకి కూడా టెస్ట్ చేయించాను. నెగెటివ్. అంటే నాన్న నుంచే. అంటే నాన్న రోగం కూడా ఇదేనా?

మార్చి 28
నాన్న తాగుతాడని అసలెవరు చెప్పారని అమ్మని నిలదీశాను. నువ్వే కదే చెప్పావు అంది.
అప్పుడు నాకు ఆరేళ్ళట. నాన్నది తాగేవాళ్ళకొచ్చే నొప్పని ఊళ్ళో డాక్టర్ అన్నాడట. అది విని సంఘ పెద్ద రాజారావుగారు ఇంటికొచ్చారట. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాన్న ఏం చేస్తాడమ్మా అని అడిగితే, రోజూ బీరువా పక్కన నిలబడి మందు తాగుతాడు అన్నానట.
గులాబీ రంగు మందు. కడుపు నొప్పికి. మూతతో కొలుచుకుని తాగేవాడు. నేను అబద్ధం చెప్పలేదు. ఏ మందని ఎవరూ అడగలేదు.
మరి నాన్న ఏమన్నాడు అన్నాను. తాగలేదనే అన్నాడు, ఏ తాగుబోతు ఒప్పుకుంటాడులే అనుకున్నాం అంది అమ్మ. తర్వాత ఏడ్చింది. ఓదార్చాలో అరవాలో తెలియలేదు. నా మీద నాకే కోపం. ఆరేళ్ళ పిల్ల మీద కోపమేంటి?

ఏప్రిల్ 6
రాజారావుగారికి ఫోన్ చేశాను. తొంభై ఏళ్ళు ఆయనకి. అంతా చెప్పి, నాన్న తాగుబోతు కాదని సంఘంలో చెప్పమని అడిగాను. ఓపిగ్గా విన్నారు. మీ నాన్నగారిని మేం ఎప్పుడో క్షమించేశాం తల్లీ అన్నారు.
థాంక్యూ అంకుల్ అన్నాను.