ఆరింటి పిలుపు

అమ్మా, నీకు ఫోన్‌లో సరిగా వినపడదని కార్డు రాస్తున్నా. మేం బాగానే ఉన్నాం. కంగారు పడకు, పడాల్సిందంతా నేనే పడుతున్నా.

మీ అల్లుడి ఆఫీసు మేనేజరు లూచియా గారిది ఇటలీ. మొన్న సాయంత్రం ఆరింటికి పంజాగుట్టలో తనింటికి రమ్మంది. పిలిచిందంటే భోజనానికేగా అని నేను వంట చెయ్యలేదు. ఏదో చేదు షర్బత్తు, ఉప్పులో ఊరిన కాయలు, జీడిపప్పు పెట్టింది. అన్నం ఎప్పుడు పెడుతుందా అని మేం లేవలేదు. చివరికి పాపం తనే లేచి గుడ్లు వేయించి, ఉన్న బ్రెడ్డంతా మాకే పెట్టి, ఆకలి లేదంది. మర్నాడు ఆఫీసులో ఈయనకి తెలిసింది. వాళ్ళ దేశంలో ఆరింటికి పిలిస్తే కాస్త తాగి, కాస్త కొరికి, భోజనానికి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోవాలట! ఆవిడ తిండి మేం తినేశాం. ఈయన ఉద్యోగం పర్మనెంటు చెయ్యాల్సిందీ ఆవిడే.

నాన్న మోకాలెలా ఉంది? నూనె రాస్తున్నావా? వచ్చే శనివారం ఆరింటికి ఆవిణ్ణి మా ఇంటికి పిలిచాం. చేగోడీలు చేసి అమీర్‌పేట వచ్చే బస్సులో పంపు. ఆవిడ లేస్తే ఆపొద్దని ఈయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. మా కోసం పస్తున్న మనిషిని అన్నం పెట్టకుండా ఎలా పంపనమ్మా? గుమ్మానికి అడ్డంగా నిలబడిపోతానేమోనని భయంగా ఉంది.

నాన్నకి నా నమస్కారాలు.
రవళి