ఏడు కలల కాగితం

పాలకాయతిప్ప,
10-2-1991

గుడివాడ మనసు డాక్టరు గారికి వీరలక్ష్మి నమస్కరించి తెలియజేయునది.

మేమిక్కడ క్షేమం. ఉత్తరమన్నాక అలాగే మొదలెట్టాలి గనక అన్నాను. నిజంగా క్షేమమైతే మీకెందుకు రాస్తానండీ?

మా ఆయన వెంకటపతి నోరు విప్పి తొమ్మిది నెలలైంది. పోయిన మే నెల గాలివానకి ఆయన జతగాడు బాలస్వామి సముద్రంలో పోయాడు. ఈయన ఒడ్డుకొచ్చాడు గానీ మాట రాలేదు. చెప్పిన పని చేస్తాడు, పెట్టింది తింటాడు. పడవ మాత్రం ఎక్కడు. పొద్దువాలితే మడచెట్ల దగ్గర కూర్చుని, నీళ్లు వెనక్కి వెళ్లడం, మళ్లీ రావడం చూస్తుంటాడు. మోపిదేవి తీసుకెళ్లి పుట్టలో పాలు పోయించాను. పుట్ట తాగింది, ఈయన పలకలేదు.

మీ సంగతి బందరు చేపల మార్కెట్లో చెప్పారు. ఒకసారి కూర్చుని మాట్లాడితే వంద రూపాయలట, వారం వారం రావాలట. ఎండు చేపల గంప మీద బతికేవాళ్లం, ఎక్కడ తెస్తామండీ? అందుకని ఒక మాట. ఆయన మాట్లాడిన మాటకి రూపాయి చొప్పున పుచ్చుకోండి. మాట్లాడకపోతే, ఏం, ఆగావు? అదీ రాయి. మాట్లాడకపోతే మీకేమీ లేదు.

ఇట్లు,
వీరలక్ష్మి

తా.క. మాటొచ్చాక ఆయన ఆపకపోతే బేరం మళ్లీ చూసుకుందాం.

గుడివాడ,
16-2-1991

వీరలక్ష్మి గారికి కాంపౌండరు రత్నరాజు వందనాలు.

డాక్టరు గారు విజయవాడ నుంచి శనివారం ఒక్కరోజే వస్తారు. ఉత్తరాలు నేనే చూస్తాను. మాటకి రూపాయి పద్ధతి మా దగ్గర లేదండీ. ఫీజు తగ్గించే అధికారం నాకు అసలే లేదు.

అయితే ఒక ఉపాయం ఉంది. దీనితో పంపుతున్న ఫారం ఉచితం. అందులో ఏడు గీతలున్నాయి. రోగికి వచ్చిన కలలు గీతకొకటి రాసి పంపండి. డాక్టరు గారు అవి ముందే చదివితే చాలామందికి ఒకటి రెండుసార్లు రావడంతో సరిపోతోంది.

ఇట్లు,
రత్నరాజు

తా.క. మీ ఉత్తరం మధ్యలో "ఏం, ఆగావు? అదీ రాయి" అని ఉంది. ఎవరితో అంటున్నారు? మీకెవరైనా కనిపిస్తున్నారా?

పాలకాయతిప్ప,
1-3-1991

రత్నరాజు గారికి వీరలక్ష్మి నమస్కారం.

నాకెవరూ కనిపించరండీ. ఇంట్లో ఉండేది నేనూ మా ఆయనే. కాగితం ఖాళీగా పంపడం లేదు, ఏడు గీతలూ నింపాం. మచ్చుకి మూడు ఇక్కడ కూడా రాస్తున్నాం.

ఒకటి: నేను పెళ్లికూతురిని. పండుగప్ప చేప తలపాగా చుట్టుకుని తాళి కట్టడానికొచ్చింది. చేతుల్లేక నిలబడిపోయింది. పాపం అనిపించింది.

రెండు: నాకు తొంభై ఏళ్లు. చేపల గంపతో కాలవ మీదుగా గాల్లో వెళ్తున్నాను. మబ్బుల మీద ఆడవాళ్లు పిలిచి బేరమాడుతున్నారు. అక్కడ కూడా సగానికే అడుగుతున్నారు.

మూడు: ఒంటి మీద నూలుపోగు లేకుండా కిరసనాయిలు కొలుస్తున్నాను. క్యూలో ఎవరూ నావంక చూడరు, అందరూ కొలతే చూస్తున్నారు.

మిగతావి ఫారంలో చూడండి. ఐదోది పెళ్లికాని పిల్లల చేత చదివించకండి. రాశావా? ఇక చాలు, మడత పెట్టు.

ఇట్లు,
వీరలక్ష్మి

తా.క. గీతలు చాలలేదు. ఇంకా చాలా కలలు మిగిలాయి. మరో నాలుగు ఫారాలు పంపండి.

గుడివాడ,
10-3-1991

వీరలక్ష్మి గారికి రత్నరాజు వందనాలు.

ఫారం చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నలభై రెండేళ్ల మగమనిషి ఒక కలలో పెళ్లికూతురు, ఒక కలలో ముసలమ్మ, ఐదో కలలో ఆరోనెల గర్భిణి! డాక్టరు గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. వెంటనే తీసుకురమ్మన్నారు. ఫీజు సంగతి తరవాత చూద్దామన్నారు.

అమ్మా, ఆయనతోపాటు మీరు కూడా చూపించుకోండి. ఇంట్లో మాట్లాడని మనిషి తప్ప ఎవరూ లేరంటారు. మళ్లీ ఎవరికో "మడత పెట్టు" అని చెబుతారు. నాకు మీ ఆయన కన్నా మీ గురించే దిగులుగా ఉంది.

ఇట్లు,
రత్నరాజు

తా.క. ఇది డాక్టరు గారితో అనకండి. నాకూ ఒక కల వస్తుంది. మా హాల్లో రోగులు కూర్చునే బల్లల నిండా జనం. చూస్తే అందరూ నేనే. ఎవరి పేరూ ఎవరూ పిలవరు. పదకొండేళ్లుగా ఇదే కల. ఇక్కడ పనిచేసేవాడికి ఫారం ఇవ్వరండీ.

పాలకాయతిప్ప,
19-3-1991

రత్నరాజు గారికి వెంకటపతి నమస్కారం.

చేతిరాత గుర్తుపట్టే ఉంటారు. ఇదివరకటి ఉత్తరాలు రాసిందీ నేనే. మా ఆవిడకి చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు రాయడం నాకు అలవాటు. "మా ఆయన నోరు విప్పడు" అంటే అదీ రాశాను. ఆగినందుకు కసిరితే ఆ కసురూ రాశాను.

కలలు నావి కావు. పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపడం మా ఇంట్లో లేదు. మీ కాగితం కూడా గిన్నెలాంటిదే అంది ఆవిడ. నేను కల చెప్పకపోయేసరికి కాగితం పట్టుకుని వీధంతా అడిగింది. పెళ్లికూతురు పక్కింటి ధనమ్మ. మబ్బుల మీద బేరం సీతమ్మది. కిరసనాయిలు మా రేషన్ డీలరు నాగేశ్వరరావు. గర్భిణి నిజంగానే గర్భిణి. రోజూ పొద్దువాలే వేళకి అందరూ మా అరుగు మీద చేరేవారు. వాళ్లు చెబుతుంటే నేను రాసేవాణ్ని. నవ్వుతూ మొదలెట్టి కళ్లు తుడుచుకుని లేచేవారు. ఇంతమందికి ఇంత ఉందా అనుకున్నాను.

మొన్న తెల్లవారుజామున నాకూ కల వచ్చింది. సముద్రం గిన్నెలో పాలలా కదలకుండా ఉంది. బాలస్వామి పడవ అంచున కూర్చుని వల బాగుచేసుకుంటూ "చుట్ట ఉందా బావా?" అన్నాడు. "ఉంది" అన్నాను.

ఆ మాట పైకే వచ్చింది. ఆవిడ దిగ్గున లేచి "ఏవుందీ?" అంది. "చుట్ట" అన్నాను. ముందు ఏడ్చింది. తరవాత, పది నెలలకి నోరు విప్పింది చుట్ట కోసమా అని కొట్టింది.

ఆవిడకి తెలియనిది ఆ పూటే చెప్పాను. గాలివాన రోజు పడవలో బాలస్వామి నన్ను చుట్ట అడిగాడు. లేదన్నాను. అప్పుడు నా మొలలో ఒకటుంది. వాడితో నా ఆఖరి మాట అదే. దాని తరవాత ఇంకో మాట అనాలంటే నోరు రాలేదండీ.

శనివారం వస్తున్నాం. డాక్టరు గారికి ఇది కూడా చెప్పాలి, ఒక్కసారి చెబితే తీరేలా లేదు. మీ కల అరుగు మీద చదివాను. సీతమ్మ "ఆ బల్ల మీద కాస్త జరగమను, నేనొచ్చి కూర్చుంటాను" అంది. హాల్లోకి రాగానే మీ పేరు గట్టిగా పిలుస్తాను. పలకండి.

ఇట్లు,
వెంకటపతి

తా.క. ఇది ఆవిడ చెబితే రాస్తున్నాను. మొన్నటి నుంచి ఈయన ఆపడం లేదు. మాటకి రూపాయి బేరం రద్దు. వందకే ఖాయం చేయండి.