నిమ్మకాయంత గుండు మీద ఆవు

బావగారూ, నమస్కారం.

మీరు వెళ్ళిపోయి ఏడాదీ రెండు నెలలూ అయింది. ఉత్తరం రాయడం నాకు అలవాటు లేని పని. నాలుగో తరగతితో ఆగినవాణ్ణి. మీరుంటే ఎర్ర పెన్ను తీసుకుని నా ఒత్తులన్నీ దిద్దేవారు. ఇప్పుడు దిద్దేవాళ్ళు లేరు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

ఇవాళ పొద్దున మన పిల్లల కొత్తింటి గృహప్రవేశం అయింది. ఇదీ ఈ కాపెల్ ఊళ్ళోనే, మనిద్దరం ఒకే గదిలో పడుకున్న ఆ అద్దె ఇంటికి పది నిమిషాల దూరం. మీ సంవత్సరీకం అయ్యేదాకా లావణ్య ముహూర్తం మాట ఎత్తనివ్వలేదు. ఇల్లు బాగుంది. ఆ సంగతులు మావాడు కిరణ్ ఫోటోల్లో చూపిస్తూనే ఉన్నాడు అందరికీ. నేను చెప్పాల్సింది ఆవు సంగతి.

ఆసుపత్రి మంచం మీద కూడా మీది ఒకటే మాట... "అమ్మాయ్, ముందు ఆవు, తర్వాతే మీరు. ఆవు అడుగు పెట్టకుండా గడప దాటకండి." ఫిజిక్సు చెప్పిన మాస్టారికి ఈ పట్టింపేమిటని నేను వెక్కిరించాను. "ఫిజిక్సు బడిలో బావగారూ, ఆవు ఇంట్లో" అన్నారు మీరు. గుర్తుందా?

లావణ్య ఆ మాట పట్టుకుంది. మీ కూతురు కదా, పట్టుకుంటే వదలదు.

ఇక్కడ గృహప్రవేశాలకి ఆవుని తెచ్చే మనిషి ఒకడున్నాడు. మూడు రోజుల ముందు ఫోన్ చేసి, ట్రక్కు చెడిపోయింది, రాలేనన్నాడు. గంటంబావు దూరంలో ఒక తెల్లావిడ దగ్గర ఆవూ దూడా ఉన్నాయట. పశువుల్ని ఎక్కించే ట్రైలర్ కూడా ఉందట. లాగే బండి మాత్రం మీరే తెచ్చుకోవాలంది. నా కొడుకు చేతులెత్తేశాడు. "వెండి ఆవు బొమ్మ ఉంది కదా, అది పెట్టి కానిచ్చేద్దాం" అన్నాడు. విన్నారా? బండి తోలినవాడి కొడుకు.

లావణ్య లేచింది. గరాజ్‌లోకి వెళ్ళి కారులో ఉండే పుస్తకం తెచ్చి, కుర్చీలో కూర్చుని, పరీక్షకి చదివినట్టు చదివింది. చదివి, "మన కారు లాగుతుంది" అంది.

ఏ కారనుకున్నారు? మనవరాలిని స్కూల్లో దింపే ఎస్‌యూవీయే! మీరూ నేనూ వెనక సీట్లో కూర్చుని గుడికి వెళ్ళే కారు. సీటు సందుల్లో ఇంకా బిస్కట్ పొడి, జడ పిన్నులు. దాని వెనకాల సైకిళ్ళు కట్టడానికని ఒక కొక్కెం పెట్టించారు చూడండి, దానికే ట్రైలర్ తగిలిస్తానంది. మర్నాడు షాపుకి వెళ్ళి, ట్రైలర్ బ్రేకులు చేత్తో నొక్కడానికి ఒక చిన్న పెట్టె స్టీరింగ్ పక్కన బిగించుకుని వచ్చింది. నేను నవ్వాను. కూరగాయల సంచీలు మోసే కారుతో ఆవుని లాగుతావా తల్లీ అన్నాను.

ఇవాళ తెల్లవారగానే బయల్దేరాం, తనూ నేనూ. కిరణ్ ఇంటి దగ్గర పంతులుగారితో ఉన్నాడు. ముహూర్తం పదిన్నర దాటాక.

బావగారూ, తెల్లావిడ ఇంటి దగ్గర ఆ ట్రైలర్ తగిలించడం మీరు చూడాల్సింది. కారు వెనక ఒక ఇనుప గుండు. ఎంత ఉంటుందనుకున్నారు? పెద్ద నిమ్మకాయంత. ట్రైలర్ ముందు కొస దాని మీద టోపీలా కూర్చుంటుంది, అంతే. లావణ్య రెండు గొలుసులు అడుగున కత్తెరలా వేసింది. ఆ నిమ్మకాయంత గుండు మీద ఆధారపడి ఒక ఆవు, ఒక దూడ, అంత ఇనుప గది... నేను వంగి దాన్ని చేత్తో ముట్టుకున్నాను. నలభై ఏళ్ళు బండి తోలాను, కాడి చూశాను, ఇరుసు చూశాను. ఇలాంటిది చూడలేదు.

తెల్లావిడ మా కారుని చూసి "దట్ లిటిల్ థింగ్?" అంది. లావణ్య నవ్వి, ఆ పుస్తకంలో ఉన్న అంకెలు చెప్పింది. ఆవిడ తలూపింది. ట్రైలర్ లోపల రెండు గదులు, మధ్యలో చిన్న గేటు. ఆవు ముందు గదిలో, దూడ వెనక గదిలో అని వేలితో చూపించి, చర్చికి టైమైందని వెళ్ళిపోయింది. ముక్కూ మొహం తెలియని మనుషుల చేతిలో ఆవుని పెట్టేసి! దానికీ ఆశ్చర్యపోయాను.

ఆవు పేరు డైసీ. నేను లక్ష్మీ, లక్ష్మీ అని పిలిస్తే తిరిగి చూడలేదు. డైసీ అంటే వచ్చింది.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి.

ఆవుని వెనక గదిలో, తలుపు దగ్గర ఎక్కించమన్నాను. దూడనీ గడ్డినీ ముందు పెట్టమన్నాను. ఎందుకంటే, ఇంటి దగ్గర తలుపు తియ్యగానే ముందు ఆవు దిగాలి కదా? లావణ్య ఆగింది. "ఆవిడ ముందు గదిలో అంది మావయ్యా, బరువు ముందుండాలి" అంది. నేను ఊరుకోలేదు. "మీ నాన్న చెప్పింది ముందు ఆవు అని. నాన్న మాట పెద్దదా, ఆవిడ మాట పెద్దదా?" అన్నాను. మీ పేరు చెప్పి నోరు మూయించాను, బావగారూ. చనిపోయినవాళ్ళ మాటకి ఎదురు మాట ఉండదు కదా... ఆ పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సరే మావయ్యా, పశువుల సంగతి మీకు తెలుసు" అంది.

హైవే ఎక్కాం. మొదట అంతా బాగానే ఉంది. కారు ఆవుని లాగుతున్నట్టే లేదు. ఎడమ పక్క పద్దెనిమిది చక్రాల లారీలు, వీధికి వీధే కదిలి వెళ్తున్నట్టు. వెనక్కి తిరిగి చూస్తే ట్రైలర్ సందుల్లోంచి డైసీ చెవి ఒకటి కనపడుతోంది.

ఒక పల్లం వచ్చింది. లారీ ఒకటి పక్కనుంచి విసురుగా దాటింది. దాంతో ట్రైలర్ తోక ఆడించింది. కుడికి ఒకసారి. ఎడమకి ఒకసారి. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు, ఇంకా పెద్దదైంది. వెనకాల అది ఊగుతుంటే ముందు కారు కూడా ఊగింది. పాము తోక పట్టుకుని ఎవరో విదిలిస్తున్నట్టు... వెనక ఆవు కాళ్ళు ఇనుము మీద జారుతున్న చప్పుడు.

"బ్రేక్ తొక్కు! తొక్కవే అమ్మా!" అని అరిచాను.

"తొక్కకూడదు మావయ్యా" అంది. అంతే. అరవలేదు. పప్పులో ఉప్పు వేశాను అన్నంత మామూలుగా అంది.

కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసింది. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పలేదు, తిన్నగా పట్టుకుంది. కుడిచెయ్యి కిందికి దించి ఆ చిన్న పెట్టె మీద మీట నొక్కింది. కారు బ్రేక్ కాదు, వెనక ట్రైలర్‌కి మాత్రమే. వెనకనుంచి ఎవరో తాడు పట్టి బిగలాగినట్టయింది. ఊపు తగ్గింది... ఇంకా తగ్గింది... ట్రైలర్ తిన్నగా వచ్చింది.

నేను సీటు అంచుని రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. మీ కూతురి చేతులు మాత్రం తడబడలేదు. అప్పుడు చూశాను ఆ చేతుల్ని, గాజులు వేసుకున్నవే. నా జన్మలో ఎందరో బండివాళ్ళని చూశాను, లారీ డ్రైవర్లని చూశాను. అలాంటి చేతులు చూడలేదు. ఇది దేవుడి ముందు ప్రమాణం చేసి రాస్తున్న మాట.

దగ్గర్లో గ్యాస్ స్టేషన్‌లోకి, అదే పెట్రోలు బంకులోకి తిప్పింది. దిగి, ముందు ఆవు దగ్గరికి వెళ్ళింది. కాళ్ళు చూసింది, నీళ్ళు పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

నేను దిగి దూరంగా నిలబడి చూశాను. కారు వెనక భాగం పైకి లేచి ఉంది. ముక్కు కిందికి, తోక పైకి. దాన్ని చూడగానే నాకు చెంప మీద కొట్టినట్టయింది.

చెరకు బండికి ముందు మొగ్గు ఉండాలని మీకు ఎన్నిసార్లు చెప్పాను? కాడి ఎద్దుల మెడ మీద కాస్త నొక్కాలి. వెనక మొగ్గితే కాడి పైకి లేస్తుంది, మెడ కింది తాడు గొంతుకి బిగుస్తుంది. పదేళ్ళ పిల్లాడికీ తెలిసిన సంగతి. మరి నాకెందుకు తోచలేదు?

ఆలోచిస్తే ఒకటే కనపడింది. నా లెక్కలో ఆవు లాగే జాతి, బావగారూ. లాగించుకునేది కాదు. గడ్డి బరువు, చెరకు బరువు, ఇసుక బరువు. ఆవుని బరువు అని నేనెప్పుడూ అనుకోలేదు. ఆవంటే ఆవు.

వెంకటేశ్వరస్వామి పటం చిన్న మేకుకి తగిలిస్తే గోడ పెచ్చుతో సహా ఊడి పడింది చూడండి, ఆ రోజు మీరన్నారు, "బరువుకి భక్తి తెలియదు బావగారూ, పెద్ద మేకు కొట్టండి." అప్పుడు కోపం వచ్చి రెండు రోజులు మీతో మాట్లాడలేదు. ఇవాళ పెట్రోలు వాసనలో నిలబడి ఆ మాట విన్నాను. మీరు పక్కనే ఉండి అన్నట్టుంది.

లావణ్య దగ్గరికి వెళ్ళి "తప్పు నాది తల్లీ" అన్నాను. ఆ మాట నా నోట్లో కొత్త. నా భార్యకి కూడా ఎప్పుడూ చెప్పలేదు, పాపం, అది వినకుండానే పోయింది.

లావణ్య ఏమందో తెలుసా? "నేనూ ఊరుకున్నాను కదా మావయ్యా, సగం నాది" అంది.

ఇద్దరం కలిసి దూడని దించి పట్టుకుని, గడ్డి వెనక్కి మార్చి, డైసీని ముందు గదిలోకి తోలాం. అది ఒక పట్టాన కదల్లేదు. నేను మెడ కింద గోకుతూ, చెవిలో తెలుగులో బతిమాలాను. పికప్ ట్రక్కుల వాళ్ళు కాఫీలు పట్టుకుని సినిమా చూసినట్టు చూశారు. మధ్య గేటు వేసి, దూడని వెనక ఎక్కించాం. కారు తోక కిందికి దిగింది. తిన్నగా, తూకం వేసినట్టు నిలబడింది. ఆ తర్వాత ట్రైలర్ వెనక ఉందన్న సంగతే మర్చిపోయేట్టు వచ్చాం. అంత హైవే హోరులో డైసీ నెమరు వేసుకుంటూ వచ్చింది.

ఇంటి వీధి నిండా చుట్టాల కార్లు. ట్రైలర్‌ని డ్రైవ్‌వేలోకి వెనక్కి తీసుకురావాలి. ట్రాక్టర్ తొట్టిని వెనక్కి నడపడంలో తలపండిన వాళ్ళు కూడా నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ చేస్తారు, నాకు తెలుసు. లావణ్య చెయ్యి స్టీరింగ్ కింది అంచున పెట్టుకుంది. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటు. ఒక్కసారికే లోపలికి వచ్చేసింది.

ఎవరు నేర్పారమ్మా అన్నాను. నాన్న అంది.

తోటకి మట్టి తేవడానికి చిన్న ట్రైలర్ అద్దెకి తెచ్చినప్పుడు, ఖాళీ స్కూలు గ్రౌండ్‌లో మీరు పక్కన కూర్చుని నేర్పారట. జన్మలో సైకిలు కూడా తొక్కని మనిషి! కాగితం మీద గీత గీసి, "చెయ్యి కింద పెట్టుకో, అప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే" అన్నారట. నాకెందుకు చెప్పలేదు బావగారూ? నేను నవ్వుతాననా? నవ్వేవాణ్ణే లెండి.

తలుపు తియ్యగానే దూడ ముందు దూకి, పక్కింటి గడ్డిలోకి పారిపోయింది. అందరూ దాని వెనక పరుగు. పంతులుగారు మాత్రం నిమ్మళంగా "గడప దాటేటప్పుడు ఆవు ముందుంటే చాలండీ, బండి దిగేటప్పుడు కాదు" అన్నారు. అంటే నేను పడ్డ యాతనంతా ఎందుకు? చెప్పండి.

డైసీ గడప దగ్గర ఆగి, పసుపు వాసన చూసి, అడుగు పెట్టింది. వెనక లావణ్య. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు, అలాగే నడిచింది. మీ మాట నిలబడింది.

భోజనాల దగ్గర ఎవరో "అంకుల్, ఆవుని భలే తెచ్చారండీ" అన్నారు. లావణ్య వెంటనే "అవును, మావయ్యే ఎక్కించారు" అంది. దారిలో జరిగింది ఎవరికీ చెప్పలేదు ఆ పిల్ల. నా పరువు కొంగున కట్టుకుంది. నేను విస్తరి ముందు నుంచి లేచాను. "నేను ఎక్కించింది తప్పు. దారిలో మా ఇద్దరి ప్రాణం, ఆవు ప్రాణం పోవాల్సింది. తెచ్చింది మాస్టారి కూతురు" అన్నాను. అందరూ చెయ్యి ఆపి చూశారు. కిరణ్ అయితే ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

సాయంత్రం ఆవుని తిరిగి అప్పజెప్పాలి. నా బదులు తను వెళ్తానన్నాడు కిరణ్. లావణ్య వద్దంది. "ఎక్కించడానికి మావయ్యే రావాలి" అంది. పొద్దున అంత జరిగాక కూడా... ఏం పెట్టి పెంచారండీ దాన్ని?

ఎక్కిస్తాను. కానీ తలుపు వేసే ముందు, "ఒకసారి చూసుకో తల్లీ, సరిగ్గా ఉందా" అని అడుగుతాను. నేను ఎక్కించిన బండిని ఇంకొకరిని చూడమనడం నా జన్మలో లేదు. ఇవాళ అడుగుతాను. మీకు మాటిస్తున్నాను.

లావణ్య ట్రైలర్ తలుపు తీసి పిలుస్తోంది. వెళ్ళొస్తాను.

మీ వియ్యంకుడు,
సత్తెయ్య